ఎడమచేతి కుట్టు

చిత్తూరు పక్కన గ్రానైటు క్వారీలో
ఒక గ్రహాన్ని దించినారు.
రాతిపొడి మీద రాతిపొడి చల్లి
జేసీబీ జాడల్ని చీపుర్లతో చెరిపి
తొమ్మిది రోజులు షూటింగు.
బట్టలు నావి.
తిరపతిలో రైల్వే గేటు కాడ
చెంగల్రాయుడు టైలరంటే ఎవురైనా చూపిస్తారు.

హీరోకి వెండి రంగు కోటు, పదకొండు జిప్పులు.
ఆయన కథంతా ఆయనే చెప్పుకుంటాడు:
పోయిన నాయన, నిలిచిపోయిన పెండ్లి,
భూమ్మీద వాన వాసన.
పేజీలకు పేజీలు.

నాలుగో మనిషి మెకానిక్కు.
ఆ వేషం రెడ్డెప్పది. పలమనేరు డిపోలో
నిజంగానే బస్సుల కింద పండుకునే మనిషి.
రెండే మాటలు: "అయితాది సార్", "మీరు పోండి".
రెండో మాట తర్వాత తలుపు మూసుకుంటాది,
ఆయన అవతల.

డైరెక్టరు పిల్లోడు ఆ కోటు నా బల్ల మీద పడేసి
"ఎడమ మోచేతి కాడ చించన్నా. మళ్ళా కుట్టు.
కుట్టినట్టు తెలియల్ల" అన్న్యాడు.
ముప్ఫై ఏండ్లుగా తెలీకుండా కుట్టినోణ్ణి నేను.
"ఎవురు కుట్టింటారు సార్?"
"నాకూ తెలీదు. నువ్వు తెలుసుకో.
ఎవురికీ చెప్పద్దు, నాకు గూడా."

ఆ రాత్రి చినిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకోని కూర్చున్యా.
ఓడలో కుట్టినారా, ఇంట్లోనా?
దారం దొరికిందా,
ఇంకేదన్నా గుడ్డలోంచి పోగు లాగినారా?
కోటు విప్పినాడా,
లేక ఒంటి మీద కుట్టకూడదని తెలిసీ
"కదలద్దు, గుచ్చుకుంటాది" అని
ఎవురన్నా మోచెయ్యి పట్టుకోనుండారా?

అప్పుడు గుర్తొచ్చింది నూరున్నీసా.
నా కాడ రెండేండ్లు పని నేర్చుకున్న పిల్ల.
ఎడమచేతి వాటం.
దాని కుట్లన్నీ ఎదురు వాలు,
గాలి మళ్ళినాక వరి మాదిరి.
ఎన్నిసార్లు విప్పించినానో.
తిరుప్పూరు బనీన్ల కంపెనీకి పోయే దినం
నా చొక్కా జేబు చినిగుంటే
అడక్కుండానే కుట్టి పోయింది.
ఆ చొక్కా ఇప్పుడు మిషను తుడిచే గుడ్డ.

సూది ఎడమచేతికి మార్చుకున్యా.
మూడు గంటలు పట్టింది. ఏలికి రెండుసార్లు గుచ్చుకుంది.
బూడిద రంగు కోటుకి పసుపుకొమ్ము రంగు దారం.
ఆ ఓడ మొత్తంలో ఆ రంగు ఇంకెక్కడా లేదు.

రెడ్డెప్ప తొడుక్కోని, మోచెయ్యి మడిచి చూసుకోని
"ఎవురన్నా, నాకుండేది?" అన్న్యాడు.
"ఉండారు లే" అన్న్యా. అంతే.

షాటులో ఆయన లీవరు లాగల్ల.
లాగే ముందర ఆ కుట్టుని
బొటనేలితో ఒకసారి నిమిరినాడు.
కాగితంలో అది లేదు.
ఎవురూ కట్ చెప్పలా.

తిరపతిలో సినిమా ఆరు రోజులు ఆడింది.
నేను మూడు మాట్లు చూసినా, మొదటిసారి నా కుట్టు కోసరమే.
హీరో ఏడుస్తా ఉంటే ముందు వరస పిల్లోళ్ళు
ఫోన్లు చూసుకుంటా ఉండారు.
తలుపు మూసుకునేటప్పుడు, నాలుగు సెకన్లు,
పసుపు దారం కనపడింది.
నా యెనక ఎవురో ఆడమనిషి, మెల్లిగా, పక్కామెతో:
"అయ్యో, ఆ పిల్లకి ఎవురు చెప్తారిప్పుడు?"

ఏ పిల్లకి?
సినిమాలో పిల్ల లేదు.
పేరు లేదు, గోడ మీద ఫోటో లేదు.
ఎనక్కి తిరిగి అడుగుదామనుకున్యా.
తిరగలా.

హీరో భూమికి వచ్చేసినాడు, విజిళ్ళు పడినాయి.
రెడ్డెప్ప తెల్లారి డ్యూటీ ఎక్కినాడు.
కోటు నాకు తిరిగి రాలా,
మూడొందల యాభై బాకీ గూడా.
షాపు తెరిస్తే ఎవురిదో పాత ప్యాంటు.
నడుం కాడ లూజు చెయ్యల్ల,
ముందెప్పుడో ఎవురో వేసిన కుట్టు విప్పల్ల.
కత్తెర మొన పెట్టినా.
పెట్టి, తీసి,
లైటు కాడికి పోయి
వాలు ఎటుండాదో చూసినా.